పొగరాణి చచ్చిందా, లేదా

ఆసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
మార్చి 3

మా రాతగత్తెకు,

వదిన దీవెనలు. ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట కూడా మాట్లాడొద్దంది. గుసగుసలు కూడా వద్దట, వాటివల్ల గొంతుకు ఇంకా శ్రమట. ఫోనులో టైపు చేద్దామంటే నా వేలు ఒక అక్షరం మీద పెడితే ఇంకోటి పడుతోంది. పైగా అందులో నేను రెండు ముక్కలు కొడితే నువ్వూ రెండు ముక్కలే కొడతావు. నాకు పేజీలు కావాలి. పడుకుని చదువుకోవాలి.

గొంతులో చిన్న గడ్డ. తీసేస్తారు. కంగారేం లేదు.

అసలు సంగతికి వస్తాను. మీ కంపెనీ కంప్యూటరు ఆటలో పొగరాణికి గొంతిచ్చింది నేనేనని మీ అన్నయ్య వరండాలో ఎవరికో చెప్పాడట. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా. అప్పట్నుంచీ నా మంచం చుట్టూ పంచాయితీ. ఇక్కడి నర్సూ, ఎక్స్‌రే తీసే ఆయనా ఇద్దరూ ఆ ఆట ఆడినవాళ్లే.

"చచ్చింది మేడమ్. నా కళ్లారా చూశాను. గాజు ముని మంత్రం చదివాడు, ఆవిడ పొగైపోయింది, ఆ పొగంతా బుడ్డిలోకి పోయింది, వంతెన కూలింది, బుడ్డి అగాధంలో పడింది. ఇంకేం మిగిలింది?" అంటుంది నర్సు.

"బుడ్డి పగిలిన చప్పుడు విన్నావా? నేను ఇరవైసార్లు విన్నాను. పగల్లేదు. పైగా ఆ మంత్రం తగలాలంటే శత్రువు పూర్తి పేరు పలకాలి. ముని పలికాడా?" అంటాడు ఎక్స్‌రే ఆయన.

ఇద్దరూ నా వైపు తిరిగి తీర్పు చెప్పమంటారు. నేను నా గొంతు చూపించి చేతులు జోడిస్తాను. నోరున్న మనిషి నోరు మూసుకుని వాదన వినడం ఎంత నరకమో నీకు తెలియదు. పలక మీద "రాసినావిడని అడిగి చెబుతాను" అని రాసిచ్చాను. కాబట్టి చెప్పు. పొగరాణి చచ్చిందా, లేదా? నేను మాత్రం బతికే ఉందంటాను.

బడికెళ్లే ముందు మా ఉడతకి జడలు మీ అన్నయ్యే వేస్తున్నాడు. ఒకటి చెవి పైన, ఒకటి చెవి కింద. కళ్లద్దాలు వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీసే మనిషికి పాపిడి మాత్రం తిన్నగా రాదు.

నీ వదిన

* * *

ఆఫీసు, ప్రింటరు పక్క బల్ల
మార్చి 9

వదినకు నమస్కారాలు.

చచ్చింది వదినా. రాసినదాన్ని చెబుతున్నాను, శుభ్రంగా చచ్చింది.

మీ ఎక్స్‌రే ఆయన వాదనే ఊరంతా వాదిస్తోంది. ఆమె అసలు పేరు ధూమకేశవల్లి. ఆరు అక్షరాలు. ఆటలో ముని అయిదు పలికేసరికి వంతెన కూలి ఆరోది వినపడదు. కానీ నేను రాసిన కాగితం మీద ఆరూ ఉన్నాయి. మా సౌండాయన రాళ్లు కూలే చప్పుడు అర సెకను ముందుకు జరిపాడు. "పేరు కంటే రాళ్లు బాగున్నాయి" అన్నాడు. అంతే జరిగింది. అందులో రహస్యమేమీ లేదు. బుడ్డి పగిలిన చప్పుడు పెట్టడం ఆయన మర్చిపోయాడు. అందులోనూ రహస్యం లేదు.

కాబట్టి నర్సమ్మే గెలిచిందని చెప్పు. నువ్వు కూడా ఆ పొగరాణి గురించి మరీ ఎక్కువ ఆలోచించకు. అయిపోయిన వేషం అది. ఎన్నేళ్లని మైకు ముందు అరుస్తావు? విశ్రాంతి తీసుకో. బొమ్మలు గీయడం మొదలుపెట్టకూడదూ? లేకపోతే ఏదైనా రాయి. నీ చేతిరాత ఎంత బాగుందో!

అన్నయ్య మొన్న ఫోను చేశాడు. కళ్లజోళ్ల కబుర్లే చెప్పాడు. ఇంకేం లేవు.

ఉడతకు ముద్దులు.

నీ ఆడపడుచు

* * *

ఆసుపత్రి, అదే మంచం
మార్చి 16

మా రాతగత్తెకు,

నా చేతిరాత బాగుందన్నావు చూడు, అక్కడే దొరికిపోయావు. పెళ్లయిన కొత్తలో నా అక్షరాలను కోడిగీతలని ఏడిపించింది ఎవరు?

మీ అన్నయ్య నీకు చెప్పేశాడు. సరే, నాకూ దాచే ఓపిక లేదు. గడ్డ చిన్నదేమీ కాదు. దాంతోపాటు స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఎల్లుండి పొద్దున్నే. మెడ కింద ఒక చిల్లు పెడతారు, ఇకమీదట ఊపిరి అందులోంచే. మూతి, ముక్కు ఉత్త అలంకారానికి.

డాక్టరమ్మ నిన్న ఒక అరగంట మాట్లాడుకోమంది. పాపకి ఏదైనా చెప్పి రికార్డు చేసి పెట్టుకోమంది. మీ అన్నయ్య ఫోను నా ముందు పెట్టి బయటికి వెళ్లిపోయాడు. పదిహేనేళ్లుగా మైకు ముందు బతికినదాన్ని, నా ఎదురుగా కాగితం లేకపోయేసరికి ఏం మాట్లాడాలో తోచలేదు. "ఉడతా" అన్నాను. గొంతు ఇప్పటికే బొంగురైపోయింది కదా, ఎవరో ముసలాయన పిలిచినట్టుంది. దగ్గొచ్చింది. అరగంటా దగ్గే. ఫోనులో పాత వీడియోలున్నాయిగా అంటావేమో. అవన్నీ నేను తీసినవి. వాటిలో నావి "ఇటు చూడు, ఇటు చూడు" అన్న రెండు ముక్కలే.

ఇక నీ తీర్పుకు నా అప్పీలు. కాగితం మీద నువ్వు ఎన్ని అక్షరాలైనా రాసుకో, ఆడినవాడి చెవిన పడ్డవి అయిదే. "ధూమకేశవ." ఆ పేరు గల పెద్దమనిషి ఎవరైనా ఆ చుట్టుపక్కల ఉంటే ఆయన చచ్చి ఉంటాడు, పాపం. పొగరాణి కాదు. ఇది రాసి చూపిస్తే నర్సు పడీపడీ నవ్వింది. ఎక్స్‌రే ఆయన నాకు దండం పెట్టాడు.

బతికుందని నేనెందుకు పట్టుబడుతున్నానో నీకు తెలుసు. విడమర్చి రాయించకు.

నీ వదిన

* * *

ఆఫీసు, మెట్ల కింద గది
ఏప్రిల్ 2

వదినా,

ఆపరేషన్ బాగా జరిగిందని అన్నయ్య చెప్పాడు. ఆ రోజు సెలవు ఇవ్వలేదు నాకు. ఎందుకివ్వలేదో రాయాలనే ఈ ఉత్తరం. రాయకూడదనుకుని మూడు కాగితాలు చింపేశాను.

నేను "చచ్చింది, చచ్చింది" అన్నది నీకు ఆశ పెట్టకూడదనే కాదు. అప్పటికే ఇక్కడ ఒక మీటింగు అయింది. రెండో భాగం తీస్తున్నారు, ఆ తొందరలోనే నాకు సెలవు లేదన్నారు. మా పెద్దాయన గోడ మీద తెర దించి లెక్కలు చూపించాడు. ఆడినవాళ్లలో పదికి తొమ్మిదిమంది పొగరాణి బతికే ఉందని నమ్ముతున్నారట. "వాళ్ల నమ్మకం వమ్ము చేయడానికి మనమెవరం?" అన్నాడు.

నేను నా పాత కాగితం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. "చూడండి సార్, ఆరు అక్షరాలూ ఉన్నాయి. ఆమె చచ్చిపోయింది" అన్నాను.

"ఆటలో వినపడిందే నిజం అమ్మా. కాగితం ఎవరు చూశారు?" అన్నాడు.

"మరి గొంతు ఎవరిస్తారు? మా వదినకి ఇంక..." అన్నాను.

"తెలుసమ్మా, చాలా బాధపడ్డాం" అన్నాడు. నిజంగానే బాధపడ్డట్టున్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదృష్టం ఏమిటంటే మన దగ్గర ఆవిడవి నలభై గంటల రికార్డింగులున్నాయి. యంత్రానికి అవి చాలు. మనం ఏది రాసిస్తే అది ఆవిడ గొంతుతో పలుకుతుంది."

ఒప్పందం ఏడో పేజీలో ఉందట. రికార్డు చేసిన శబ్దం మీద సర్వహక్కులూ కంపెనీవి. నువ్వు సంతకం పెట్టిన రోజు నీ పక్కన నిలబడి "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించింది నేనే. తొందరగా కానివ్వు వదినా, తినడానికి వెళ్దాం, అని కూడా అన్నాను.

రాయనని చెబితే వేరేవాళ్లు రాస్తారు. ఆ కుర్చీ కోసం నలుగురు ఎదురుచూస్తున్నారు. నీ గొంతులో వాళ్లు ఏం మాట్లాడిస్తారో తలచుకుంటే భయం వేస్తోంది. నేనే రాస్తే అది ఇంకో రకం పాపం. ఏం చేయమంటావు?

నీ ఆడపడుచు

* * *

ఇల్లు, వంటింటి బల్ల
ఏప్రిల్ 29

అమ్మాయీ,

చంపెయ్.

నేను వాదించినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పొగరాణి చచ్చింది. నీకంటే నాకే బాగా తెలుసు. చివరి ఊపిరి రికార్డు చేసిన రోజు గుర్తుందా? సౌండాయన పదకొండుసార్లు చేయించాడు. "ఇంకా ఊపిరి మిగిలినట్టే ఉంది మేడమ్" అంటాడు. పన్నెండోసారి ఉన్నదంతా వదిలేశాను. కళ్లముందు నల్లగా అయింది, స్టాండు పట్టుకుని నిలబడ్డాను. అద్దం అవతల నువ్వు చప్పట్లు కొట్టావు. ఆ మనిషి అక్కడే పోయింది. ఆ తర్వాత మిగిలింది నేను.

కంపెనీకి నేనూ ఉత్తరం రాశాను. వద్దని, దయచేసి వద్దని. జవాబు వచ్చింది. ఎంత మర్యాదగా రాశారో! నేను త్వరగా కోలుకోవాలట. నా గొంతు చిరకాలం నిలిచి ఉంటుందట.

ఇక్కడ సంగతులు రాస్తాను. వేడి పాలు ఊదుకోలేను, ఊపిరి మూతికి రాదు కదా. ఉడతని పిలవాలంటే చప్పట్లు. అది వేరే గదిలో తలుపేసుకుంటే గోడ మీద గరిటె. మీ అన్నయ్య ఇద్దరి వాటా తనే మాట్లాడుతున్నాడు. దుకాణంలో ఎవరికి ఎంత పవరో, ఎవరు ఏ ఫ్రేము ఏరుకున్నారో, అన్నీ చెబుతాడు. ఆయన కాసేపు ఆగితే ఇల్లు ఎలా ఉంటుందో నాకూ ఆయనకీ తెలుసు, అందుకే ఆగడు. మెడకు ఆనించి మాట్లాడే పరికరం ఒకటి ఇచ్చారు. గొంగళ్లో తుమ్మెద దూరినట్టు ఉంటుంది. ఉడత విని లేచింది. తన గదిలోకి వెళ్లి పుస్తకాలు సర్దుకుంది.

నిన్న మధ్యాహ్నం అది ఆ ఆట పెట్టుకుని కూర్చుంది. వంతెన మీదికి వచ్చింది. ఎదురుగా పొగరాణి. నీకు తెలుసుగా, మునిగా ఆడేవాళ్లు మంత్రం వేయకుండా ఊరికే నిలబడితే ఆవిడ ఎగతాళి చేస్తుంది. "ఏం మునీ, మంత్రం మర్చిపోయావా?" "నిలబడీ నిలబడీ నీ నీడ కూడా అలిసిపోయింది." "ఇంకా ఉన్నావా? వెళ్లవేం?" ఏడు మాటలు. అవి అయిపోతే మళ్లీ మొదటినుంచి. ఉడత చేతిలో బొత్తాలున్నాయి, ఒక్కటీ నొక్కలేదు. అలా ఊరికే నిలబడి వింటోంది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఏడు మాటలూ ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెట్టలేకపోయాను. పిలుద్దామన్నా పిలవలేను. చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

అందుకే చెబుతున్నాను. ఆ పొగరాణిని మళ్లీ లేపొద్దు. నీ చేతనైతే చంపెయ్.

వదిన

* * *

ఆఫీసు
జూన్ 11

వదినా,

చేతకాలేదు.

మొదటి అంకంలోనే శవం రాశాను. అగాధం అడుగున పగిలిన బుడ్డి, పక్కన చల్లారిన పొగ, కిరీటం. ముని శిష్యులు చూసి నిర్ధారించుకుంటారని రాశాను. పెద్దాయన చదివి, "బాగుంది, కానీ ఇది వేరెవరి శవమో అని పెడదాం" అన్నాడు. అలాగే పెట్టారు. రెండోసారి ఆమెను దెయ్యంగా రాశాను. "దెయ్యమంటే బతికున్నట్టే కదా, ఇంకా మంచిది" అన్నారు. నేను ఏది రాసినా అది ఆమె బతకడానికే పనికొస్తోంది.

ఇప్పుడు చెప్పబోయేది నువ్వు క్షమించలేవేమో. చెప్పకుండా ఉండలేను.

పోయిన వారం యంత్రం మొదటి మాట పలికింది. "నా పేరు చివరిదాకా పలికే నాలుక ఇంకా పుట్టలేదు." నువ్వు ఎన్నడూ అనని మాట. నేను తల వంచుకుని కూర్చున్నాను, వినగానే "వదినా!" అని గట్టిగా పైకే అనేశాను. గదిలో అందరూ తిరిగి చూశారు. అంత బాగుంది వదినా. చెత్తగా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను. చెత్తగా లేదు.

ఒక్క తప్పు. తన పేరు చెప్పుకునే ఇంకో మాటలో "వల్లి" అన్నప్పుడు లకారం తేలిపోతోంది. సౌండాయన పట్టుకోలేకపోయాడు. నన్నడిగాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ మాట నీ పేరు మీద తప్పుగా ఊరంతా తిరుగుతుంది. నువ్వు ఎంత పట్టింపు మనిషివి, ఒక్క అక్షరం జారితే మళ్లీ చేస్తాననేదానివి. అందుకని చెప్పాను. "ఆవిడ అలా అనదు, నాలుక ఇంకాస్త నొక్కుతుంది" అని చెప్పాను. మూడు గంటలు కూర్చుని దిద్దాను. బయటికొచ్చాక తెలిసింది నేనేం చేశానో.

అన్నయ్యకు చెప్పొద్దు.

నీ ఆడపడుచు

* * *

ఇల్లు
జూన్ 20

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడోరోజు లకారం సంగతి తలచుకుంటే నవ్వొచ్చింది. నేనైనా దిద్దేదాన్నే.

ఇక ఆపలేమని అర్థమైంది. ఆపలేనప్పుడు నాకొక్క సాయం చెయ్యి. ఆ యంత్రం ఏది రాసిస్తే అది పలుకుతుందన్నావు కదా. కింద ఆరు మాటలు రాశాను. ఎవరూ లేనప్పుడు వీటిని పలికించి ఉడతకి పంపు. దీన్ని నేను అడగడమేమిటని నాకే సిగ్గుగా ఉంది. కానీ పిల్ల మళ్లీ నిన్న ఆ వంతెన మీద నిలబడింది. వెటకారాలు కాక వేరే మాటలు వినాలి అది.

ఉడతా, లే, తెల్లారింది.
జడ వేసుకుందువు రా.
అన్నం తిన్నావా?
ఏమైంది, ఎవరేమన్నారు?
నేనున్నాను కదా.
పడుకో ఇక.

వదిన

* * *

ఆఫీసు
జూలై 4

వదినా,

అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు సౌండాయనను బతిమాలి చేయించాను. ఆయన నీ కాగితం చదివి, వెళ్లి తలుపు గడియ వేసి వచ్చాడు. పంపించాను. అన్నయ్య ఫోనుకు చేరి ఉంటుంది.

విన్నాక ఎలా ఉందో నేను చెప్పను. చాలాసార్లు చేయించాం. మెల్లగా, ఇంకా మెల్లగా, అని. ఇంతకంటే రాలేదు.

నీ ఆడపడుచు

* * *

ఇల్లు, వంటింటి బల్ల
జూలై 10

రాతగత్తెకు,

వచ్చింది. ఆదివారం పొద్దున మేం ముగ్గురం కూర్చుని విన్నాం.

నువ్వెందుకు చెప్పలేదో తెలిసింది. ఆ నలభై గంటల్లో నేను ఎవర్నీ ముద్దుగా పిలవలేదు కదా. శపించాను, బెదిరించాను, పగలబడి నవ్వాను, చచ్చాను. యంత్రానికి నేనంటే అదే. "జడ వేసుకుందువు రా" అంటే ఎవరి తలో నరకడానికి పిలిచినట్టుంది. "అన్నం తిన్నావా" అంటే ఆ అన్నంలో విషముందేమో అనిపించింది. మీ అన్నయ్య ఫోను అందుకోబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "నేనున్నాను కదా" అన్న మాటైతే ఉత్త బెదిరింపే.

ఉడత ఆరూ విన్నది. మళ్లీ పెట్టమనలేదు. తర్వాత వాళ్ల నాన్నని అడిగింది.

"ఇది అత్త చేయించిందా?"

"అవునమ్మా. అమ్మే అడిగింది."

"ఇది అమ్మ కాదు నాన్నా."

"అమ్మ గొంతే కదా తల్లీ..."

"గొంతు అమ్మదే. ఇది అమ్మ కాదు. పొగరాణి కూడా కాదు. పొగరాణి ఇట్లా అడగదు, అన్నం తిన్నావా అని. పొగరాణి చచ్చిపోయింది."

అలా అని నా వైపు తిరిగింది. దాని ముఖంలో ఏడుపు లేదు. నేను ఒప్పుకోవాలి అన్నట్టు చూస్తోంది, లెక్క చేసి జవాబు చూపించినప్పుడు చూసినట్టు. నేను తలూపాను. ఇంకేం చేయగలను? ఆ తర్వాత అది నా దగ్గరికి వచ్చి మెడకున్న గుడ్డ పక్కకు జరిపి, ఆ చిల్లు దగ్గర చెవి పెట్టింది. ఇన్నాళ్లూ అటు చూడటానికే భయపడిన పిల్ల. లోపలికీ బయటికీ గాలి ఆడుతున్న చప్పుడు తప్ప అక్కడ ఏమీ ఉండదు. అదే వింటూ కూర్చుంది. మీ అన్నయ్య మొదటిసారి మాట్లాడటం ఆపాడు.

ఆ ఆరు మాటలూ ఫోనులోంచి తీసేశాం. నువ్వు బాధపడకు, నీ తప్పేమీ లేదు. రెండో భాగం వచ్చే నెలలో వస్తోందని వీధి చివర పెద్ద బొమ్మ పెట్టారు. పొగరాణి లేచి నిలబడి ఉంది. రోజూ దాని ముందునుంచే కూరగాయలకు వెళ్లాలి. వేరే దారి లేదు.

చచ్చిందా లేదా అని నన్నిక ఎవరూ అడగరు. నువ్వూ ఆవిడ సంగతి రాయొద్దు. నీ సంగతి రాయి. ఏం వండుకుంటున్నావు, ఆ మెట్ల కింది గదిలోకి వెలుతురు వస్తుందా లేదా, అవి రాయి. పెద్ద ఉత్తరం రాయి.

నీ వదిన